షర్బత్ గింజలు మొలిచిన వేసవి

పోయిన వారం కుట్టుమిషను బెల్టు తెగితే కొత్తది కొనుక్కుందామని చిలకలూరిపేట వెళ్ళాను. మిషను సామాన్ల కొట్టు పాత గ్రంథాలయం ఉన్న సందులోనే ఉంది. గ్రంథాలయం అక్కడి నుంచి వేరే భవనంలోకి మారి చాలా ఏళ్ళయింది. ఆ పాత పెంకుటిల్లు తలుపుకి తాళం, తాళానికి తుప్పు. ఊరికే ఒకసారి చూసిపోదామని ప్రహరీగోడ పక్కన నడుస్తున్నాను. ముందురోజు వాన పడింది. ఎవరో మోటారుసైకిలు గోడవారగా ఆపితే దాని చక్రం కింద ఏదో మొక్క నలిగింది. ఆ వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. కాస్త లవంగం, కాస్త నిమ్మతొక్క, వెనకనుంచి సోంపు లాంటి తీపి. వంగి చూస్తే, ఒకప్పుడు కుళాయి ఉన్నచోట, సిమెంటు పగుళ్ళలోంచి గుబురుగా రుద్రజడ మొక్కలు! మోకాలి ఎత్తున, తెల్లటి పూల కంకులతో! నా వయసుకు తగని పనే అయినా, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కాలవ దాటి వెళ్ళి వాటి ముందు గొంతుక్కూర్చున్నాను. ఒక కాడని వేళ్ళ మధ్య దొర్లించి చూశాను. నాలుగు పలకలు. సందేహం లేదు, అవే. మిషను కొట్టతను గడపలోంచి తొంగిచూసి, "ఏమన్నా పడేసుకున్నారా అండీ?" అని అడిగాడు. "లేదు బాబూ, దొరికింది," అన్నాను.

ఏం దొరికిందో అతనికి చెప్పాలంటే మా ఇంటి వాసనల నుంచి మొదలుపెట్టాలి. నా చిన్నతనంలో మా ఇంట్లో రెండే వాసనలు, పత్తిదీ మిరపకాయలదీ. నాన్న పేటలోని ఒక జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. పత్తిలోంచి గింజ వేరుచేసే మిషన్ల దగ్గర ఆయన పని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జుట్టు, కనుబొమలు, చెవుల్లో వెంట్రుకలు అన్నీ దూదితో నెరిసిపోయి ఉండేవి. అమ్మ మిరపకాయల కొట్లలో తొడిమలు తీసేది. ఆమె చీర కొంగు నుంచి గోళ్ళ సందుల దాకా ఎరుపు. నాన్న తెల్లగా వచ్చేవాడు, అమ్మ ఎర్రగా వచ్చేది. ఇద్దరూ పెరట్లో తొట్టి దగ్గర నీళ్ళు పోసుకుంటే ఆ నీళ్ళు పారిన మట్టిలో చీమలు కూడా తిరిగేవి కావు. వేసవి మొదలైతే అమ్మ కొట్టు నుంచి బస్తాలు ఇంటికి కూడా తెచ్చేది. అప్పుడు నానమ్మ, అమ్మ, నేను వసారాలో కూర్చుని తొడిమలు తీసేవాళ్ళం. కళ్ళు మండేవి, ముక్కులు కారేవి. ఇంటికి వచ్చినవాళ్ళు పలకరించే ముందు తుమ్మేవాళ్ళు. నాన్న ఒక్కడే తుమ్మేవాడు కాదు. "మీ నాన్నకేం, కూర మాడినా తెలీదు," అని అమ్మ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

నానమ్మ పేరు ఏస్తేరమ్మ. చర్చిలో ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో ఆమె చాపకు ఒక చోటు ఉండేది, అక్కడ ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కారు. ఆమెకు చదువు రాదు కానీ కీర్తనలన్నీ నోటికి వచ్చు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒక చరణం మరిచిపోతే కింద నుంచి గట్టిగా అందించేది. గూట్లో బైబిలు పక్కన ఒక చిన్న రేకు డబ్బా ఉండేది. అందులో నల్లటి సబ్జా గింజలు. మిరపకాయల రోజుల్లో ఒంట్లో వేడి పుడుతుందని రోజూ మధ్యాహ్నం గ్లాసెడు నీళ్ళలో చిటికెడు గింజలు వేసేది. చూస్తుండగానే ఒక్కొక్క గింజ చుట్టూ బూడిదరంగు జిగురు పొర ఉబ్బేది. దాంట్లో నిమ్మకాయ పిండి, పంచదార కలిపి, మాకు తలా రెండు గుక్కలు పోసి, మిగతాది తను కళ్ళు మూసుకుని తాగేది. మా ఇంటి షర్బత్ అంటే అదే. ఆ గింజలు ఎక్కడివి, దేనివి అని ఎవరూ అడగలేదు. కొట్లో దొరుకుతాయి, అంతే. ఉప్పు ఎక్కడిది అని ఎవరు అడుగుతారు?

నేను అడిగాను. అడిగే జబ్బు నాకు గ్రంథాలయంలో అంటుకుంది. మా ఊళ్ళో బడి ఏడో తరగతితో ఆఖరు. ఆ పైకి చదవాలంటే పేట వెళ్ళాలి. నన్ను పంపలేదు. అందుకు నేను ఎవరినీ తప్పుపట్టను, ఇంట్లో తొడిమలు తీసే చేతులు చాలేవి కావు. కానీ మధ్యాహ్నం నాన్నకు అన్నం క్యారేజీ తీసుకెళ్ళే పని నాదే. మిల్లు గేటు బయట వేపచెట్టు నీడలో నాన్న తినేవాడు, నేను పక్కన కూర్చునేదాన్ని. ఖాళీ క్యారేజీ ఊపుకుంటూ తిరిగి వస్తుంటే దారిలో ఈ సందు. ఒకరోజు ఎండకు తట్టుకోలేక లోపలికి వెళ్ళాను. లోపల చల్లగా ఉంది, పంకా కిర్రుమంటోంది, నలుగురైదుగురు పెద్దవాళ్ళు పేపర్లు చదువుకుంటున్నారు. లైబ్రేరియన్‌గారు సన్నగా పొడుగ్గా ఉండేవారు, కళ్ళజోడు దారంతో మెడకు కట్టుకునేవారు. "ఏమ్మా, ఎవరికోసం?" అన్నారు. "ఎవరికోసం కాదండీ, చదువుకోడానికి," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన బెంచీ మీది పేపర్లు పక్కకు జరిపి చోటు చూపించారు. ఆ రోజు నుంచి నేను అన్నీ చదివాను. కథలు, దేశాల చరిత్రలు, తేనెటీగల పెంపకం, గుండె ఎలా కొట్టుకుంటుంది, ఓడలు ఎందుకు మునగవు. అర్థం కాని పేజీ మూడుసార్లు చదివేదాన్ని, అప్పటికీ కాకపోతే లైబ్రేరియన్‌గారిని అడిగేదాన్ని. ఆయనకూ తెలియకపోతే ఇద్దరం కలిసి బీరువాలో వెతికేవాళ్ళం. ఇప్పుడు నేను బట్టలు కుట్టి బతికే మనిషిని, నా దగ్గర ఏ కాగితమూ లేదు. అయినా నాకు తెలిసినదంతా నేను పీట వేసుకుని కూర్చుని సంపాదించుకున్నది అని చెప్పుకోవడానికి సిగ్గుపడను.

ఆ వేసవి మొదట్లో నా చేతికి మొక్కల పుస్తకం ఒకటి వచ్చింది. అట్ట ఊడిపోయి పేరు కూడా లేదు. అందులో మొక్కలకు కుటుంబాలుంటాయని రాసి ఉంది! మనుషులకున్నట్టే! పుదీనా, తులసి, తుమ్మి, మరువం, ఇవన్నీ ఒకే ఇంటివి. గుర్తేమిటంటే వాటి కాడ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది, ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఆ పేజీ చదివాక నేను దారిలో కనపడ్డ ప్రతి మొక్క కాడనూ వేళ్ళతో దొర్లించుకుంటూ ఇంటికి వెళ్ళాను. కాలవగట్టు మీద తుమ్మిమొక్క నాలుగు పలకలు! బండి మీద పుదీనా కట్ట నాలుగు పలకలు! బండివాడు కేకలేశాడు. మర్నాడు ఆ కుటుంబంలోనే రుద్రజడ అనే మొక్క దగ్గరికి వచ్చాను. బొమ్మ కింద రెండు వాక్యాలు. దీని ఆకు మంచి పరిమళం గలది. దీని గింజలనే సబ్జా గింజలంటారు, వేసవిలో నీళ్ళలో నానబెట్టి తాగుతారు. నేను పుస్తకం మూసి మళ్ళీ తెరిచాను. నానమ్మ డబ్బాలోవి! బైబిలు పక్కన, మా గూట్లో, ఇన్నాళ్ళూ ఒక తోట పడుకుని ఉందన్నమాట! క్యారేజీ గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే, దూది బస్తాల లారీల పక్కన, రోడ్డు వెంట పరిగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ సాయంత్రమే తగువు వచ్చింది. నేను వచ్చేసరికి తొడిమలు తీయని కుప్ప అలాగే ఉంది. నానమ్మ నాన్న కోసం కాచుకుని కూర్చుంది.

"నీ కూతురు క్యారేజీ ఇచ్చి ఎప్పుడు రావాలి, ఎప్పుడొచ్చిందో అడుగు. పొద్దుగూకులూ ఆ లైబ్రరీలో మగాళ్ళ మధ్య కూచుంటందంట. ఈ కాయలు ఎవరు తీస్తారు, ఆ పుస్తకాలొచ్చి తీస్తయ్యా?"

నాన్న తల దులుపుకుంటూ నా వైపు చూశాడు. "ఏం చదువుతన్నావే అంత?"

నేను ఆగలేకపోయాను. "నాన్నా, నానమ్మ తాగే సబ్జా గింజలున్నయ్యే, అవి నాటితే మొక్కలొస్తయ్యి. మంచి వాసనొచ్చే మొక్క. పుస్తకంలో ఉంది."

నానమ్మ చేతిలో మిరపకాయ పక్కన పెట్టి మరీ నవ్వింది. "షర్బత్‌లో ఏసుకునే గింజలు మొలుస్తయ్యంట! రేపు పంచదార కూడా నాటుద్దేమో మీ అమ్మాయి. ఇంతకాలం తాగాను, నా పొట్టలో అడవి పెరిగి ఉండాలి ఈపాటికి."

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. నాన్న నవ్వలేదు. "సరే, మొలిపించి చూపించు. మొలిస్తే రోజూ పో లైబ్రరీకి, ఎవరూ ఏమీ అనరు. మొలవకపోతే క్యారేజీ ఇచ్చి నేరుగా ఇంటికి," అన్నాడు.

"ఊరికే మొలిస్తే చాలదు," అంది నానమ్మ. "ఏ పిచ్చిమొక్కో మొలిస్తే ఇదే అంటది. వాసన రావాలి. పుస్తకంలో ఉందందిగా, రావాలి మరి."

"వాసన నేనే చూస్తాలే," అన్నాడు నాన్న.

ఆ రాత్రి నాకు భయం కూడా వేయలేదు. పుస్తకంలో ఉన్నది అబద్ధం అవుతుందన్న ఊహే లేదు నాకు. ఆదివారం నానమ్మ డబ్బాలోంచి గుప్పెడు గింజలు తీసుకుని పెరట్లో కూర్చున్నాను. ఎలా నాటాలన్నది నేను చదవలేదు, అది వేరే పేజీలో ఉంటుందని కూడా తట్టలేదు. నాన్నే పక్కన కూర్చున్నాడు. మా ప్రాంతంలో గింజ అంటే పత్తిగింజ. పత్తిగింజకు నూగు ఉంటుంది, ఒకదానికొకటి అంటుకుపోతాయి, అందుకని పేడనీళ్ళు పట్టించి, మట్టిలో దొర్లించి, ఆరబెట్టి, అప్పుడు నాటుతారు. నాన్న చిన్నప్పటి నుంచి చేసింది అదే. "గింజన్నాక పేడ పట్టించాలి అమ్మాయ్," అని తనే పేడ కలిపి, గింజలు అందులో పోసి, అరచేత్తో రుద్దాడు. రెండు రుద్దులకే ఆయన చెయ్యి ఆగింది. గింజలన్నీ ఉబ్బి, జిగురు పట్టి, పేడతో కలిసి కప్పగుడ్ల ముద్దలా తయారయ్యాయి. నాన్న వేళ్ళు విదిలిస్తే పోవు, గోడకు రుద్దితే పోవు. నానమ్మ వసారాలోంచి చూస్తూ, "షర్బత్ చిక్కగా వచ్చింది, పంచదార తెమ్మంటావా?" అంది. మేము అంతటితో ఆగామా, లేదు. ఆ ముద్దనే ముక్కలు చేసి, పత్తికి పెట్టినట్టు వేలు లోతున గుంటలు చేసి, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క ఉండ పెట్టి మట్టి కప్పాం. తర్వాత రోజూ పొద్దున లేవగానే చూసేదాన్ని. ఏదీ రాలేదు. చివరికి ఒక గుంట తవ్వి చూస్తే తెల్లటి బూజు, కుళ్ళిన కంపు. నానమ్మ ఆ రోజు డబ్బా గూట్లోంచి తీసి తన ట్రంకుపెట్టెలో పెట్టుకుంది.

మర్నాటి నుంచి క్యారేజీ ఇచ్చి నేరుగా ఇంటికే వచ్చాను. మాటంటే మాటే. సందు దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు అవతలి పక్కన నడిచేదాన్ని. ఇంటి దగ్గర తొడిమలు తీస్తూ, అంతకుముందు చదివినవి గుర్తు చేసుకుంటూ కూర్చునేదాన్ని. అవి అయిపోతాయేమోనని బెంగ పట్టుకుంది. కొత్తవి చేరకపోతే ఉన్నవి ఎంతకాలం వస్తాయి? గుండె గురించి చదివింది ఒకరోజు సగం మరిచిపోయాను. ఎడమవైపు గది రక్తాన్ని ఎటు పంపుతుందో ఎంత ఆలోచించినా రాలేదు. మిరపకాయల ముందు కూర్చుని ఏడిస్తే ఎవరూ ఎందుకని అడగరు, ఆ ఒక్క సుఖం ఉండేది.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం నాన్న అన్నం తిని, గేటు దగ్గర కుళాయిలో క్యారేజీ తనే కడిగాడు. అది ఎప్పుడూ నా పని. నా చేతికిస్తే పైగిన్నెలో ఏదో గలగలమంది. మూత తీశాను. కాగితం పొట్లం. దాన్లో సబ్జా గింజలు. మిల్లు గేటు బయట షర్బత్ బండి ఉండేది, అతని దగ్గర తీసుకున్నాడు.

"పేడ వద్దులే ఈసారి," అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా బీడీ వెలిగించుకుంటూ. "పత్తికి చేసినట్టు చేయించింది నేనేగా. అందుకని అది లెక్కలోకి రాదు. ఎట్టా ఎయ్యాలో ఆ పుస్తకంలో చూసి రా, పో."

నేను ఎంత వేగంగా వెళ్ళానంటే లైబ్రేరియన్‌గారు నన్ను చూసి కుర్చీలోంచి లేచారు. "ఎక్కడికెళ్ళావమ్మా ఇన్నాళ్ళూ, ఏమైంది?" అన్నారు. "మొక్కల పుస్తకం అండీ, అట్ట లేనిది, త్వరగా!" అన్నాను. ఆయన కారణం అడగకుండా తెచ్చి ముందు పెట్టారు. ఈసారి ఆ కుటుంబం మొత్తం చదివాను, పెంపకం పేజీతో సహా. గింజ చిన్నది కాబట్టి లోతుగా పాతకూడదు. మెత్తటి మట్టి మీద పలచగా చల్లాలి. పైన కప్పీ కప్పనట్టు ఇసుక. మొలిచేదాకా తడి ఆరకూడదు, నీళ్ళు నిలవకూడదు. అంతా నోటికి వల్లెవేసుకుంటూ ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ విని, "ఇదేం వింత, మిరపనారు పోసినట్టేగా!" అంది. అడుగున చిల్లుపడిన పాత కుండలో మట్టి, పశువుల ఎరువు జల్లెడపట్టి పోసింది. గింజల్ని పొడి ఇసుకలో కలిపి, చేయి పైకెత్తి, ఉప్పు చల్లినట్టు చల్లింది. నీళ్ళు పోయలేదు. చీపురు నీళ్ళలో ముంచి దులిపింది. గింజలన్నీ ఇసుక మీద ఉబ్బి, బూడిదరంగు కళ్ళలా నన్ను చూశాయి. పైన గడ్డిపోచలు పరిచి, కోళ్ళు గీరకుండా గంప బోర్లించాం. పుస్తకం ఏం చెప్పిందో అమ్మ చేతికి ముందే తెలుసు, అమ్మ చేతికి తెలిసింది పుస్తకంలోనూ ఉంది! ఆ రెండూ కలిసిన ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం, తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా అంత ఇదిగా మళ్ళీ కలగలేదు.

మూడో నాలుగో పొద్దున గంప ఎత్తి, గడ్డిపోచ పక్కకు తీసి చూశాను. కుండ నిండా పచ్చటి చుక్కలు. ఒక్కొక్కటీ రెండు ఆకులు, చిటికెనవేలి గోరులో సగం ఉన్నాయి, ఎదురెదురుగా, జంటగా. కొన్నిటి నెత్తిన గింజ తొక్క ఇంకా టోపీలా ఉంది. నేను వేసిన కేకకు అమ్మ పొయ్యి దగ్గర నుంచి, నాన్న మొహం మీద నురగతో, పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి వచ్చారు. నానమ్మ మాత్రం మంచం మీదే కూర్చుని, "మొలిచాయి సరే, వాసనో?" అంది.

పెరిగేకొద్దీ బలహీనమైనవి తీసేసి, చివరికి ఒక్కటి ఉంచాను. ఆకు పెద్దదయ్యేసరికి నానమ్మ ఒకరోజు దగ్గరికి వచ్చి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇది తులసి కదే! ఓ ప్రభువా, మన ఇంట్లో తులసి పెంచుతున్నావా పిల్లా? చర్చి ఎదురుగా? ఎవరన్నా చూస్తే మనం మతం మారామంటారు."

"తులసి కాదు నానమ్మా, దాని చెల్లెలు. రుద్రజడ అంటారు."

ఆ పేరు చెప్పకుండా ఉండాల్సింది. "పేరులోనే రుద్రుడుంటే ఇంకేం కావాలే!" అని పీకడానికి వంగింది. అమ్మ అడ్డం పడింది. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన, అయ్యగారు వస్తున్నారు. ఆ లోపల మొక్క పోవాల్సిందే అంది నానమ్మ. నాన్న మధ్యస్తం చేశాడు. మొక్కని పీకొద్దు, అయ్యగారు ఉన్నంతసేపు గంప కింద పెట్టండి, ఆయన వెళ్ళాక నేను వాసన చూసి తేల్చేస్తాను అన్నాడు. నానమ్మ గొణుక్కుంటూ ఒప్పుకుంది. మొక్క అప్పటికి జానెడు దాటింది, గంపలో వంగి పడుకుంటుంది. నాకు ప్రాణం గిలగిలలాడింది.

ఆదివారం అయ్యగారు వచ్చారు. లావుగా, నవ్వుమొహంతో ఉండేవారు. ఎండన పడి వచ్చి వసారాలో మంచం మీద కూర్చుని ముందుగా తుమ్మారు, మా ఇంటికొచ్చిన అందరిలాగే. మా వీధివాళ్ళు పదిమంది దాకా చాపల మీద కూర్చున్నారు. కీర్తన అయింది, వాక్యం అయింది, ప్రార్థన అయింది. నానమ్మ ట్రంకుపెట్టెలోంచి డబ్బా తీసి, తన చేత్తో నిమ్మకాయ పిండి, గింజలు దండిగా వేసి, స్టీలు గ్లాసు నిండా షర్బత్ తెచ్చి ఇచ్చింది. అయ్యగారు ఒక్క గుక్కలో సగం తాగి, "ఒంట్లో ప్రాణం వచ్చింది ఏస్తేరమ్మా," అన్నారు. అప్పుడు ఆయన చూపు పెరటి గుమ్మం పక్కనున్న గంప మీద పడింది.

"ఎందుకమ్మా ఇంత శ్రమ," అన్నారు మొహమాటంగా. "కోడి దేనికి? నేను చప్పిడి పప్పైనా తింటాను."

మా ఊళ్ళో అయ్యగారు భోజనానికి వస్తే కోడిని గంప కింద పెట్టడం ఆనవాయితీ. అందరూ గంప వైపు చూశారు. నానమ్మ మొహంలో నెత్తురు లేదు. "అబ్బే, అది కోడి కాదండీ," అంది.

"మరి పెట్టా?" అన్నారు అయ్యగారు. ఆ మాటకు చాపల మీద ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఎవరిదో పిల్లవాడు పాకుతూ వెళ్ళి గంప అంచు పట్టుకుని ఎత్తేశాడు. వంగి ఉన్న మొక్క ఒక్కసారి పైకి లేచి నిలబడింది.

"తులసి!" అన్నారెవరో. నాన్న నా వైపు చూశాడు. నాకు తెలుసు, ఇప్పుడు మొక్క పోతే గ్రంథాలయం పోయినట్టే. నేను లేచి నిలబడ్డాను.

"అయ్యగారండీ, ఇది తులసి కాదండీ. కుటుంబం ఒకటే. ఆ కుటుంబంలో మనం కూరల్లో వేసుకునే పుదీనా కూడా ఉందండీ. కావాలంటే కాడ పట్టుకుని చూడండి, నాలుగు పలకలుగా ఉంటది. దీని గింజలు ఇప్పుడు మీ గ్లాసులో ఉన్నయ్యి. మీరు తాగింది ఇదేనండీ."

అయ్యగారు గ్లాసులోకి చూశారు. నానమ్మ గ్లాసులోకి చూసింది. సగం గ్లాసులో బూడిదరంగు కళ్ళు తేలుతున్నాయి. ఆయన లేచి వచ్చి కుండ దగ్గర వంగి, కాడని వేళ్ళ మధ్య దొర్లించారు. "నిజమే, పలకలే," అన్నారు. ఒక ఆకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చారు. తర్వాత మా నానమ్మ వైపు తిరిగి, "గింజలు తాగి ఆకును గెంటేస్తామా ఏస్తేరమ్మా?" అని పగలబడి నవ్వారు. గ్లాసు ఎత్తి మిగిలిన సగం కూడా తాగేశారు. ఇక చాపల మీద వాళ్ళంతా లేచి, తలా ఒక ఆకు అంటూ మీద పడ్డారు. ఆ మిరపకాయల ఘాటులో, ఆ ఎండలో, మా వసారా అంతా ఒక్కసారి పరిమళం. నానమ్మ కూడా అందరికీ చాటుగా ఒక ఆకు వాసన చూసి, "పుదీనా చుట్టమంటే సరేలే," అంది.

అందరూ వెళ్ళాక నాన్న కుండ ముందు కూర్చున్నాడు. తీర్పు చెప్పాల్సింది ఆయన. నేను మంచి ఆకు ఏరి ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. నలిపి, రెండు చేతుల్లో దాచి, గట్టిగా పీల్చాడు. దగ్గు వచ్చింది. నా మొహంలోకి చూసి, మెల్లగా, "నాకేం రావట్లేదే అమ్మాయ్," అన్నాడు.

ఇల్లంతా ఆ వాసనే ఉంది, ఆయనకు మాత్రం లేదు. కూర మాడినా తెలియదని మేము ఇన్నాళ్ళు నవ్వింది దేన్ని చూసో నాకు అప్పుడు అర్థమైంది. ఏళ్ళ తరబడి మిల్లులో పీల్చిన దూది ఆయన ముక్కులో ఏదీ మిగల్చలేదు. పందెం సంగతి మరిచిపోయాను. ఏం చేయాలో తెలియక ఇంకో ఆకు తుంచి ఇచ్చాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోలేదు. నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. కనుబొమలు పైకి లేచాయి.

"ఘాటుగా ఉంది. లవంగం కొరికినట్టు. ఆ, తర్వాత తియ్యగా కూడా ఉంది." ఇంకో ఆకు తనే తుంచుకున్నాడు. "అమ్మా, పిల్ల చెప్పింది నిజమే. ఉంది దీంట్లో వాసన." నా వైపు తిరిగాడు. "ఇంకా ఏమేం ఉందే ఆ పుస్తకాల్లో?"

ఆ మర్నాటి నుంచి అది మా ఇద్దరి మధ్య అలవాటైపోయింది. వేపచెట్టు కింద క్యారేజీ విప్పుతూ, "నిన్న ఏం చదివావు?" అనేవాడు. ఆయన తింటుంటే నేను చెప్పేదాన్ని. గుండె ఎడమవైపు గది రక్తాన్ని ఎటు పంపుతుందో మళ్ళీ చదివి వచ్చి చెప్పాను. ఓడల గురించి, తేనెటీగల గురించి చెప్పాను. క్రమంగా మిల్లులో ఇంకో నలుగురు తమ క్యారేజీలు తెచ్చుకుని చుట్టూ కూర్చునేవాళ్ళు, మధ్యలో ప్రశ్నలు వేసేవాళ్ళు. తెలియనివి మోసుకుని నేను గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. నేను చదువు ఆపేశానని అనుకున్న రోజుల్లో నిజానికి మా నాన్న నాకు రోజూ పరీక్ష పెట్టాడు. మొక్క కంకులు ఎండాక గింజలు దులిపి, నానమ్మ డబ్బా నింపి, ఒక పొట్లం లైబ్రేరియన్‌గారికి ఇచ్చాను. ఆయన వాటిని కుళాయి పక్కన తడినేలలో చల్లారు.

ఇప్పుడు మా వీధిలో ఎవరూ ఇంట్లో తొడిమలు తీయడం లేదు. పిల్లలు ఏది కావాలన్నా ఫోనులో చూసుకుంటారు, మంచిదే, నేనూ చూసుకుంటాను. మొన్న మా మనవరాలు సబ్జా గింజలు పెద్ద కొట్టులో కొత్త పేరుతో, అందమైన సీసాలో తెచ్చి, "అమ్మమ్మా, ఇవేంటో తెలుసా?" అని అడిగింది. తెలుసని చెప్పి ఒక గంట వదలలేదు, పాపం. ఇప్పటి సౌకర్యాల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒక్కటే అనిపిస్తుంది. తెలుసుకోవడం ఇంత తేలికయ్యాక, తెలుసుకున్నది వినడానికి అన్నం ముందు పెట్టుకుని కాచుకునే మనిషి ఒకరు ఉండాలి. నాకు ఉండేవాడు.

పాత గ్రంథాలయం గోడ పక్కన ఉన్నవి లైబ్రేరియన్‌గారు చల్లిన మొక్కల సంతానమేనా అంటే రుజువు చేయలేను. గాలికి ఎక్కడినుంచైనా రావచ్చు. కానీ కుళాయి ఉన్నచోటే ఉన్నాయి. మిషను కొట్టతను ఇంకా నన్నే చూస్తున్నాడు. నేను ఒక మంచి ఆకు ఏరి తుంచాను. ముక్కు దగ్గర పెట్టుకోలేదు. నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాను. ముందు ఘాటు వచ్చింది. తీపి కోసం ఆగాను.